ముందు వాకిలి, వెనుక పెరడు: నెమలి ప్రాంతంలో ఒక పాత వ్యవస్థ

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి పేరు వినగానే వేణుగోపాలస్వామి ఆలయం గుర్తుకు రావడం సహజం. అయితే ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లోనూ, తిరువూరు ప్రాంతపు పల్లెల్లోనూ గోపురం గానీ శాసనం గానీ లేని మరొక పాత వ్యవస్థ ఉంది. ఏటా ధనుర్మాసంలో వాకిళ్లు తీర్చి, పెరటి పూలను వీధిలోకి తెచ్చి, ఇరుగుపొరుగు ముంగిళ్లను కలయదిరిగి చూసే ఆ ఆచారానికి కార్యవర్గం లేదు, సభ్యత్వ రుసుము లేదు, వ్యవస్థాపకుల పటాలూ లేవు. అయినా దానికి కాలనియమం ఉంది, క్రమం ఉంది, తల్లి నుంచి కూతురికి పాఠం అందే పద్ధతి ఉంది కాబట్టి, సంస్థల చరిత్రలు రాసుకునే ప్రత్యేక సంచికలో దానికీ చోటు దక్కడం న్యాయం.

ఇళ్ల తోటలను నలుగురికీ తెరిచి చూపించడం ఇంగ్లండులో నమోదైన సంస్థగానే రూపుదిద్దుకుంది. ఇళ్లకు వెళ్లి రోగులకు సేవచేసే నర్సుల కోసం నిధులు కూర్చాలన్న ఉద్దేశంతో ఎల్సీ వాగ్ అనే మహిళ 1926లో ఈ ప్రతిపాదన చేయగా, మరుసటి ఏడాది 609 తోటలు మనిషికి ఒక షిల్లింగు చొప్పున ప్రవేశ రుసుముతో తెరుచుకున్నాయి. నేషనల్ గార్డెన్ స్కీమ్ పేరుతో నేటికీ సాగుతున్న ఆ ఏర్పాటుకు 2027లో నూరేళ్లు నిండుతాయి. తెలుగు పల్లెలో ఈ పనికి రుసుము ఊసే ఉండదు. పేరంటానికి వచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, పెరట్లో పూసిన పూలు జడకు అందించి, అడిగితే అంటు కొమ్మో విత్తనమో కొంగున కట్టి పంపడమే ఇక్కడి మర్యాద. నర్సుల సేవకు నిధి సమకూర్చిన ఇంగ్లండు పద్ధతి ఎంత గౌరవించదగినదో, ఊరి విత్తనాన్ని ఊరిలోనే నిలబెట్టిన ఈ పద్ధతీ అంతే గౌరవించదగినది.

సూర్యుడు ధనూరాశిలో సంచరించే కాలం ధనుర్మాసం. డిసెంబరు మధ్యలో ఇది మొదలవడాన్ని పల్లెల్లో నెలపట్టడం అంటారు. ఆ రోజు నుంచి సంక్రాంతి దాకా తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్లు కలిపిన కల్లాపి చల్లి, ఆ తడి ఆరీ ఆరకముందే ముగ్గు పెట్టాలి. చుక్కలు పెట్టి గీతలతో కలిపేది చుక్కల ముగ్గు, చుక్కల చుట్టూ గీతను తెగకుండా తిప్పుకుంటూ వచ్చేది మెలికల ముగ్గు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి పిండి జారే వేగాన్ని బట్టి గీత సన్నమూ లావూ అవుతుంది కనుక, గీతను చూసి అది ఎవరి చేతిదో చెప్పగలిగేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. ముగ్గు మధ్యలో పేడతో చేసిన గొబ్బెమ్మలను నిలిపి, పసుపు కుంకుమలు అద్ది, తలపై గుమ్మడి పువ్వు గుచ్చుతారు. ఆ పువ్వును తెంపడంలోనూ ఒక వివేకం ఉంది. పాదుకు పూసే పూలలో పొడుగాటి కాడ మీద నిలిచేది మగపువ్వు, అడుగున చిన్న పిందెతో పూసేది ఆడపువ్వు. ఇంటి ఆడవారు చాలినన్ని మగపూలను పాదుకే ఉంచి, మిగిలినవాటిని మాత్రమే గొబ్బెమ్మకు తెంపి, ఆడపువ్వు జోలికి పోరు. వృక్షశాస్త్రం చదవని చేతులు పరాగసంపర్కాన్ని ఇంత జాగ్రత్తగా కాపాడుతూ వచ్చాయి.

గొబ్బెమ్మ పని అంతటితో తీరదు. ఎండిన గొబ్బి పిడకలను దాచి, రథసప్తమి నాడు తులసికోట దగ్గర వాటి మంట మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతారు. పెరటి పందిరి నుంచి కోసిన చిక్కుడు కాయలతో సూర్యుడికి చిన్న రథం కట్టి, చిక్కుడు ఆకుల మీదే నైవేద్యం పెడతారు. ఈ వరుస గమనిస్తే వాకిలి అలంకారం, పెరటి సాగు రెండు వేర్వేరు పనులు కావని తెలుస్తుంది. వెనుక గుమ్మడిపాదు, చిక్కుడు పందిరి, బంతి మడి, పశువుల కొట్టం ఉన్న ఇంటికే ముందు వాకిలి నిండుగా ఉంటుంది. కనుమకో ముక్కనుమకో వేసే రథం ముగ్గులో, ఒక ఇంటి రథం తాడును పక్కింటి ముగ్గు దాకా లాగి కలుపుతారు. అలా సాగిన గీత వీధి పొడవునా ఇళ్లన్నింటినీ ఒక్క రేఖ మీదికి తెస్తుంది.

ఇంటి తోటకూ దేవాలయానికీ గల సంబంధం కూడా ఈ నేలకు కొత్త కాదు. పాత కృష్ణా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆదేశించగా శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచించినట్టు ఆ కావ్యమే చెబుతుంది. అందులోని విష్ణుచిత్తుడు స్వామికి పూలదండలు సమర్పించడమే జీవితంగా పెట్టుకున్నవాడు, గోదాదేవి ఆయనకు తోటలోనే దొరికింది. ఆమె పాడిన తిరుప్పావైలోని ముప్పై పాశురాలను వైష్ణవాలయాలు ధనుర్మాసంలో రోజుకొకటిగా పఠిస్తాయి. వేణుగోపాలుడు కొలువైన ఊరిలో అదే నెలలో వాకిళ్లు పూలతో నిండటాన్ని ఈ సంప్రదాయపు వెలుగులో చూడాలి.

పెరడు మాత్రం నీటిని బట్టే నిలుస్తుంది. తిరువూరు, గంపలగూడెం మండలాలు ప్రధానంగా మెట్ట ప్రాంతాలు. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఇవి చివరి భూములు. చివరి భూములకు నీరు అందడం ఎంత కష్టమో ఇక్కడి రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఇళ్లలో వాడిన నీరు వృథా కాకుండా చూసే అలవాటు స్థిరపడింది. స్నానాల నీరు అరటి పిలకలకు, అంట్లు తోమిన నీరు కరివేప మొదటికి, బియ్యం కడిగిన నీరు కనకాంబరాల పాదుకు పోయేలా చిన్న చిన్న కాలువలు తీసేవారు.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ వ్యవస్థకు దెబ్బ తగిలింది. వీధి తలుపుకు ఇరువైపులా బాటసారి కూర్చోవడానికి కట్టే ఎత్తైన అరుగులు తీసేసి, ప్రహరీలు లేపారు. సిమెంటు రోడ్డు ఇంటి గుమ్మం దాకా రావడంతో కల్లాపికి మట్టి నేల కరవైంది. పశువులు తగ్గడంతో పేడ కొనుక్కోవలసిన రోజులు వచ్చాయి. సంక్రాంతి ముగ్గుల పోటీలు ఆసక్తిని నిలిపాయన్నది నిజమే గానీ, మైదానంలో గీసిన గడిలో రంగులు నింపి బహుమతి అందుకునే పద్ధతి ముగ్గును ఇంటి నుంచి, పెరటి నుంచి విడదీసింది. ఆశ కలిగించే మార్పులూ లేకపోలేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తన ఇంటి డాబాపై పెంచిన కూరగాయల తోట, దానిపై ఆయన చేసిన రచనలు మిద్దెతోట అన్న మాటను తెలుగువారి నోట నిలిపాయి. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొలంతో పాటు పెరటి కూరగాయలనూ ప్రోత్సహిస్తోంది. స్థలం లేని ఇంటికి మిద్దె, మట్టి లేని వాకిలికి కుండీల వరుస దారి చూపగలవు.

నెమలి ప్రజలు చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రాబోయే ధనుర్మాసంలో వారానికొక వీధి చొప్పున ఒక సాయంత్రం నిర్ణయించుకుని, ఆ వీధి ఇళ్లవారు పెరటి తలుపు తీసి ఉంచాలి. చూడవచ్చినవారు తమ ఇంటి విత్తనం ఒకటి తెచ్చి, మరొకటి తీసుకువెళ్లాలి. మెలికల ముగ్గులు ఎరిగిన పెద్ద ముత్తయిదువల దగ్గర బడి పిల్లలు చుక్కల లెక్కతో సహా వాటిని నోటు పుస్తకాల్లోకి ఎక్కించాలి. ఈ పనికి ఆలయ ప్రాంగణం, పాఠశాల, మహిళా సంఘాలు చేయూతనివ్వాలని, పెద్దల చేతి గీతలు వారితోనే పోకముందే ఈ ఏడాదే దీన్ని మొదలుపెట్టాలని గ్రామస్థులకు విన్నపం.