గడియారాన్ని తోలేదెవరు?
1984లో క్లాస్ అనే కంప్యూటర్ చదువు పథకం కింద మన బడులకొచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ కరెంటు తీస్తే టైం మరిచిపోతుంది. అందుకే ఓ గడియారం చిప్పు తగిలించి దానికి డ్రైవర్ రాస్తున్నానంటే, కొత్తగూడలో మా పెదనాయన "గడియారాన్ని గూడ తోల్తరారా?" అనడిగిండు. చక్కటి ప్రశ్న. ఇంగ్లిషు డ్రైవ్‌కు పాత అర్థం పశువుల్ని తోలడమే. ఇప్పుడు చిప్పును నడిపించే ప్రోగ్రాముకూ అదే పేరు. ఇక గడియారంలోని గడియ సంస్కృత ఘటిక, అంటే చిన్న కుండ. అడుగున సన్న బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది మునిగేసరికి ఒక గడియ: 24 నిమిషాలు. రోజుకు 60. "గడియలో వస్తా" అనేవాళ్లకు అది క్షణమైపోయింది కానీ, పంచాంగం ఆ లెక్క తప్పలేదు. తలుపు గడియను దీనితో కలపొద్దు. గంట మాత్రం మోగే ఘంట నుంచి వచ్చింది. క్లాక్ మూలమైన లాటిన్ క్లోక్కా కూడా గంటే! దేశాలు వేరైనా చెవి ఒకటే. మళ్లీ నా చిప్పు దగ్గరకొస్తే, అది ఒక్కో అంకెను నాలుగేసి బిట్లలో దాచుకుంటుంది. తిన్నగా ఒకే సంఖ్యగా చదివితే పదుల అంకె పదహార్ల లెక్కలో పడి, 59వ నిమిషం 89గా కనబడింది. పదుల అంకెను పదితో హెచ్చించి ఒకట్లు కలిపాక తెర మీద సరైన టైం నిలిచింది.