పాండేసర: కోటకు వెలుపలి భద్రత

రాజ్యములు పరస్పరము ఎట్లు వర్తించునో, ఏ భయముచేత సేనలను కూర్చుకొనునో, ఏ నమ్మకముచేత సంధులు చేసికొనునో విచారించు శాస్త్రమునకు, మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేట, 1919లో, వేల్సు దేశమందలి అబరిస్ట్విత్ విద్యాపీఠమున ప్రథమాచార్యపదవి నెలకొల్పబడినది. నాటినుండి ఆ శాస్త్రమును పఠించువారు మ్యూనిక్, హీరోషిమా, బెర్లిను మొదలగు స్థలముల చరిత్రను శ్రద్ధతో చదువుచున్నారుగాని, సూరతు నగరపు దక్షిణభాగమున, నవసారికి పోవు దారి ప్రక్కన, పొగగొట్టముల నీడలో నున్న పాండేసర చరిత్రను అందుకొరకై చదువవలెనని తలచువారు అరుదు. భద్రత యనగా ఎవరి భద్రత, ముప్పు వచ్చునది ఎవరికి, దానిని ముప్పని ప్రకటించు అధికారము ఎవరిది అను ప్రశ్నలకు ఈ శ్రామికుల పేట చెప్పు సమాధానము ఏ మహానగరము చెప్పు సమాధానమునకును తీసిపోదని నా నమ్మకము.

సూరతునకు భయము క్రొత్తది కాదు. 16వ శతాబ్ది ప్రథమార్ధమున పోర్చుగీసువారు సముద్రమార్గమున వచ్చి ఈ రేవును పలుమారులు దహింపగా, గుజరాతు సుల్తాను మూడవ మహమూదు ఏలుబడిలో తాపీనది యొడ్డున బలిష్ఠమైన కోట కట్టబడినది. మొగలాయీల కాలమున మక్కాయాత్రికులు ఓడలెక్కు రేవై, 1608లో హాకిన్సు వచ్చిన ఆంగ్లేయనౌకకు గమ్యమై, దేశదేశముల వర్తకులకు కూడలియై వెలసిన ఆ నగరముపై 1664 జనవరిలో శివాజీ దండెత్తినపుడు, నగరాధికారియైన ఇనాయత్‌ఖాను కోటలో జొరబడి తలుపులు బిగించుకొనెను; ఆంగ్లేయులును డచ్చివారును తమ తమ కోఠీలను ఆయుధములతో కాచుకొనిరి; వీర్జీ వోరా వంటి కోటీశ్వరుల సంపద దోపిడియైనది; సామాన్యప్రజ చేతికందినది మూటగట్టుకొని పల్లెలకు పరుగెత్తి ప్రాణములు దక్కించుకొనెను. 1670లో మరల దోపిడి జరిగినది. రెండు పర్యాయములును కోట నిలిచినది. కోట వెలుపలివారే నష్టపడిరి. ఢిల్లీలోని చక్రవర్తి సార్వభౌమత్వమునకు అందువలన భంగము రాలేదని రాజకీయశాస్త్రజ్ఞుడు వ్రాయవచ్చును; వీధిలోని మనుష్యునకు మాత్రము ఆ దినములలో ఆ సార్వభౌమత్వము ఏ యక్కరకును రాలేదు.

20వ శతాబ్దపు శాస్త్రకారులు చాలకాలము కోటలోనివాని దృష్టితోనే లోకమును జూచిరి. రాజ్యములు శక్తిరూపమైన స్వప్రయోజనమునే వెదకునని 1948లో హాన్స్ మోర్గెంథౌ నిరూపింపబూనెను. రాజ్యములకు పైన మరియొక రాజ్యము లేకుండుటయే వానిని నిత్యశంకితములనుగా చేయుచున్నదని 1979లో కెన్నెత్ వాల్ట్‌జ్ సిద్ధాంతము చేసెను. నడుమ 1952లోనే ఆర్నాల్డ్ వోల్ఫర్స్, జాతీయభద్రత యను మాట స్పష్టార్థము లేనిదనియు, దాని చాటున ఎవరికి వలసిన విధానమును వారు చెల్లించుకొనగలరనియు హెచ్చరించెనుగాని, ఆయుధముల లెక్కలలో మునిగియున్న ఆ కాలము దానిని తగినంతగా వినలేదు. 1983లో బారీ బుజాన్, రాజ్యము క్షేమముగా నున్నంతమాత్రమున ప్రజలు క్షేమముగా నున్నట్లు కాదనియు, ఒక్కొక్కయెడ రాజ్యమే ప్రజలకు ముప్పగుననియు వివరించిన తరువాతనే తలుపు కొంచెము తెరువబడినది. అపుడును, వ్యాధిని, దారిద్ర్యమును, కాలుష్యమును భద్రతాశాస్త్రమున చేర్చినచో ఆ శాస్త్రమునకు ఎల్లయే యుండదని 1991లో స్టీఫెన్ వాల్ట్ అభ్యంతరము చెప్పెను. ఆ అభ్యంతరము తోసిపుచ్చదగినది కాదు. సమస్తమును ముప్పే యన్నచో, ప్రతి చిన్న విషయమునకును సైనికుని పిలుచు అలవాటు ప్రబలును.

మన పూర్వులలో కౌటిల్యుని పేరు చెప్పినంతనే రాజమండలము, అరి, మిత్రుడు, షాడ్గుణ్యము స్మరణకు వచ్చును; విదేశీయులు కూడ ఆయనను అంతవరకే ఉదాహరింతురు. అదే అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణమందు ఆయన జనపదమునకు దైవికముగా కలుగు ఎనిమిది మహాభయములను లెక్కించి, అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు అని పేర్కొనిన సంగతి మాత్రము తఱచుగా మఱవబడును. ఎలుకల బెడదకు పిల్లులను, ముంగిసలను విడువవలెననియు, ప్రజలనుండి ఎలుకలనే పన్నుగా వసూలు చేయవచ్చుననియు విధించిన ఆ మంత్రికి, శత్రుసేనయు గాదెలోని ఎలుకయు రెండును రాజు పట్టించుకొనదగినవే. వ్యాధియు, ఎలుకలును, నీరును ఒక్కచోట చేరిన దృష్టాంతము సూరతులో 1994లో కనబడినది.

ఆ సంవత్సరమునకు వచ్చుటకు ముందు పాండేసర ఎట్లు పెరిగినదో చెప్పవలెను. 1962లో గుజరాతు పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడిన పిమ్మట సూరతు చుట్టును పారిశ్రామికవాడలు వెలసినవి. ఉధనాను దాటి దక్షిణముగా పోయినచో వచ్చు పాండేసరలో కృత్రిమపట్టు వస్త్రములకు రంగులద్దు మిల్లులు బారులు తీరినవి. నగరమందలి మరమగ్గములపై నేసిన తెల్లని గ్రే గుడ్డ తానులు తానులుగా ఇచ్చటికి వచ్చును. దానిని ఉడికించి, కడిగి, మూసియుంచిన యంత్రములలో నీరు మరుగు వేడిమికి మించిన వేడిమిలో రంగు పట్టింతురు. పొడవైన బల్లలపై అచ్చులద్ది, ఆవిరిలో నుంచి, మరల కడిగి, తుదకు బట్టను సాగదీసి వేడిగాలిలో ఆరబెట్టు స్టెంటర్ యంత్రమునకు అందింతురు. ఆ యంత్రము ముఖమున నిలుచు మనుష్యుడు పరుగెత్తు బట్ట అంచును రెండుచేతులతో సరిచేయుచు, ముఖముపై కొట్టు వేడిగాలిని సహించుచు, పండ్రెండేసి గంటల షిఫ్టు గడపవలెను. అతడు పడుకొను గదిలో, అతడు లేనపుడు అదే చాపపై రాత్రిషిఫ్టువాడు పడుకొనుట ఈ నగరమున సామాన్యము.

ఇట్టి పనికి ఒరిస్సాలోని గంజాము నుండియు, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండియు, ఖాందేశము నుండియు జనులు వచ్చిరి, మనవారును వచ్చిరి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు చేతిమగ్గము కూడు పెట్టని కాలమున షోలాపురము, బొంబాయి, భివండి, సూరతు నగరముల దారి పట్టిరి. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె ఆ నగరమందలి పెద్దమిల్లులను కుంగదీయగా, భివండి, సూరతులందలి సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడు ఇంకను పెరిగినది. లింబాయత్, ఉధనా, పాండేసర ప్రాంతములలో మనవారు మార్కండేయుని గుడులు కట్టుకొనిరి. నగరపాలకసంస్థవారు తెలుగుమాధ్యమమున ప్రాథమికపాఠశాలలు నడుపునంతగా వారి సంఖ్య పెరిగినది. 1992 డిసెంబరులో మతకల్లోలములు చెలరేగినపుడు వేలకొలది శ్రామికులు ఒకసారి ఊరువిడిచిరి. రెండేండ్లు తిరుగకమునుపే అంతకు మించిన వలస ప్రాప్తించినది.

1994 వర్షకాలమున తాపీ పొంగి పల్లపుప్రదేశములు మునిగినవి. నీరు తీసిన తరువాత బురదయు, చెత్తయు, చచ్చిన పశువుల కళేబరములును వీధులలో మిగిలినవి. సెప్టెంబరు మూడవవారమున, వినాయక నిమజ్జనము ముగిసిన రెండుమూడు దినములకు, జ్వరముతోను, రక్తముపడు దగ్గుతోను రోగులు ప్రభుత్వాసుపత్రికి వచ్చి గంటలలో మరణింపసాగిరి. పుపుస ప్లేగు అను వార్త పొక్కినది. దేశమున ప్లేగు కనబడక అప్పటికి ఇరువదియెనిమిదేండ్లయినది. ఆ వ్యాధిక్రిమిని 1894లో యెర్సిన్ హాంగ్‌కాంగులో కనుగొని సరిగా నూఱేండ్లయినది. టెట్రాసైక్లిను మాత్రలు అంగళ్లలో మాయమైనవి. ఊరి వైద్యులలో పలువురు తలుపులు మూసి వెడలిపోయిరి. ప్రభుత్వాసుపత్రిలోని వైద్యులును దాదులును మాత్రము రేయింబవళ్లు నిలిచి సేవచేసిరి, వారికి దేశము ఋణపడియున్నది. 15 లక్షల జనాభా గల నగరమునుండి కొలది దినములలో లక్షలాది జనులు రైళ్ల కప్పులపైనను, లారీలపైనను వెడలిరి. గంజాము పోవువాడు గంజామునకు, కరీంనగరు పోవువాడు కరీంనగరునకు.

ఇచ్చట ఒక విషయము నన్ను మిక్కిలి కలతపెట్టుచున్నది. బండియెక్కువరకు ఆ శ్రామికుడు ఆపదలో నున్న మనుష్యుడు. బండి దిగినంతనే అతడే ఆపద. అనేకనగరముల స్టేషన్లలో సూరతు బండ్లను పరీక్షించిరి, ఆ నగరమునుండి వచ్చినవారిని అనుమానించిరి. ఆ వరుసనే లోకము భారతదేశమును జూచినది: గల్ఫు రాజ్యములు విమానములను నిలిపినవి, మన సరకులు తిరస్కరింపబడినవి, ప్రయాణములపై నిషేధములు అవసరములేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినను వినినవారు కొలదిమందియే. దేశమంతట మృతులు అరువదికి మించలేదు. ఆర్థికనష్టము మాత్రము 170 కోట్ల డాలర్ల వరకు నుండునని అంచనా వేసిరి. అది నిజముగా ప్లేగేనా యని వాదము చాలకాలము సాగి, తరువాతి పరీక్షలలో ప్లేగుక్రిమియే యని తేలినది.

ఆ యేడుననే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు, మహబూబ్ ఉల్ హక్ నాయకత్వమున వెలువరించిన మానవాభివృద్ధి నివేదికలో, మానవభద్రత యను భావమును లోకము ముందుంచి, ఆర్థికము, ఆహారము, ఆరోగ్యము, పరిసరము, వ్యక్తి, సమాజము, రాజకీయము అను ఏడు ముఖములను దానికి చూపిరి. న్యూయార్కులో ఆ పుట అచ్చయిన సంవత్సరమే సూరతులో దాని ప్రతివాక్యమును జీవితము వ్రాసిచూపినది. మరుసటి యేడు ఓలె వేవర్, ఏదియు స్వతస్సిద్ధముగా భద్రతావిషయము కాదనియు, అధికారము గలవాడు దానిని ప్రాణాంతకమైన ముప్పని ప్రకటించి, వినువారు అంగీకరించినపుడే అట్లగుననియు, అటుపై మామూలు నియమములు ప్రక్కకు పోవుననియు బోధించెను. పాండేసరను ఎదుట నుంచుకొని ఈ సిద్ధాంతమును చదువవలెను. రంగుమిల్లుల ఆవిరిలోను, సాంచాల దూదిధూళిలోను ఏండ్లతరబడి దగ్గిన మనుష్యుని ఏ ప్రభుత్వమును ముప్పుగా గాని, ముప్పున నున్నవానిగా గాని ప్రకటింపలేదు. ఆ దగ్గు విమానమెక్కి పరదేశము పోవునేమో యన్న శంక కలిగిన దినమున దేశదేశములు మేల్కొనినవి. వేవర్ చెప్పినది సత్యమే. కాని ప్రకటనకు నోచుకొనని ముప్పు ముప్పు కాకపోదు. సిద్ధాంతమున ఈ కొరత యున్నదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

ప్లేగు మిగిల్చిన మేలును చెప్పకుండుట అన్యాయము. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు, అధికారులు ఉదయము గదులలో కూర్చుండక వీధులలో నుండవలెనని శాసించి, నగరమును ఆరు మండలములుగా విభజించి మండలాధికారులకు అధికారము పంచిపెట్టి, రాత్రివేళ వీధులూడ్పించి, పెద్దలని వెరవక ఆక్రమణలను తొలగించెను. 1996లో చండీగఢు తరువాత దేశమున రెండవ పరిశుభ్రనగరముగా సూరతు పేర్కొనబడినది. సైన్యముగాని, గూఢచారులుగాని దీనిని సాధింపలేదు. చీపురును, మురుగుకాలువయు, జీతము సకాలమున నందిన పారిశుధ్యకార్మికుడును సాధించిరి. లోకమందును మార్పు వచ్చినది. సూరతు అనుభవము చూపిన లోపములు కూడ కారణముగా 1995లో సంస్కరింపనారంభించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005లో ఆమోదింపబడి 2007లో అమలునకు వచ్చినవి.

అయినను ఆ మేలు పాండేసర శ్రామికుల ఇరుకుగదులైన ఖోలీల లోపలివరకు పోలేదు. 2020 మార్చి చివర, కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు స్తంభించిన అయిదవదినముననే, పాండేసరలోని గణేశనగరు, తిరుపతినగరు ప్రాంతముల నేతకార్మికులు వందలకొలది వీధిలోనికి వచ్చి, కూలి లేదు, కూడు లేదు, మమ్ము మా యూళ్లకు పంపుడని యడుగగా, పోలీసులతో ఘర్షణ జరిగి, తొంబదిమందికి పైగా నిర్బంధింపబడిరి. బొంబాయి ప్లేగు దినములలో పరరాజ్యము చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టమే అప్పటికిని ప్రభుత్వముల చేతిలోని ఆయుధము. 1994లో పోవలదన్నను వెడలిరి. 2020లో పోవుదుమన్నను నిలుపబడిరి. రెండు పర్యాయములును వారినెవరును సంప్రదింపలేదు. 2022 జనవరిలో, పాండేసరకు దక్షిణముననే యున్న సచిన్ పారిశ్రామికవాడలో, కాలువలోనికి దొంగతనముగా విడిచిన రసాయనముల విషవాయువుచే ఆరుగురు కార్మికులు మరణించిరి. దానిని భద్రతావిషయమని ఎవరును పిలువలేదు.

శివాజీ దండయాత్రను గూర్చి ఆంగ్లేయవర్తకులు వ్రాసిన జాబులున్నవి గనుక ఆ చరిత్ర నిలిచినది. 1994లో సూరతునుండి కరీంనగరునకు, సిరిసిల్లకు, వరంగల్లునకు తిరిగివచ్చిన మన నేతవారు ఏ బండ్లెక్కిరో, ఏ స్టేషనులో ఆపబడిరో, ఊరివారు వారినెట్లు చూచిరో, మరల ఎప్పుడు సాంచాల కడకు పోయిరో చెప్పగలవారు ఇప్పటికి వృద్ధులైరి. మన విశ్వవిద్యాలయములందలి రాజనీతిశాస్త్ర విద్యార్థులును, సూరతులోని తెలుగుపాఠశాలల ఉపాధ్యాయులును వారికడకు పోయి, వారి మాటలను వారి మాటలుగనే వ్రాసియుంచవలెనని ప్రార్థించుచున్నాను. ఆ వృద్ధులుండగనే ఈ పని జరుగవలెను.