డోర్నకల్లు అధ్యక్ష మండలము – గ్రామ సంఘముల పోషణము

ఆంధ్రదేశ క్రైస్తవ సంఘముల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా మిషనరీల రాకను, పాఠశాలల స్థాపనమును, బాప్తిస్మము పొందినవారి సంఖ్యలను వర్ణించి విరమింతురు. ఒక పల్లెలో ఇరువది ముప్పది కుటుంబములు మతము స్వీకరించిన పిదప వారికి ఆరాధన జరిపినదెవరు, ఆ గురువునకు జీతమిచ్చినదెవరు, ఆ జీతము ఏ సొమ్మునుండి వచ్చినది అను ప్రశ్నలపై చర్చ తక్కువ. కాని సంఘముయొక్క స్థిరత్వమును, స్వాతంత్ర్యమును ఈ ప్రశ్నలమీదనే ఆధారపడియున్నవి. ఒక ప్రాంతమునందలి సంఘములనన్నిటిని ఒక అధ్యక్షుని, అనగా బిషప్పు, పాలనక్రింద చేర్చిన యేర్పాటునకు అధ్యక్ష మండలమని పేరు. అట్టివానిలో డోర్నకల్లు మండలపు చరిత్రము ఈ విషయమున మిక్కిలి ఉపదేశకరము.

చర్చి మిషనరీ సొసైటీవారు తెలుగుదేశమున 1841లో మచిలీపట్టణమునందు పని ప్రారంభించిరి. రాబర్టు నోబిలు దొర పట్టణమున పాఠశాల నెలకొల్పి ఉన్నతకులముల బాలురకు విద్య గరపగా, హెన్రీ ఫాక్సు దొర గ్రామములలో సంచరించుచు బోధించెను. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మము పొందిన పిమ్మట కృష్ణా మండలపు మాలపల్లెలలో సంఘములు వేగముగ వ్యాపించెను. ఇట్లు చేరినవారిలో అధికసంఖ్యాకులు భూమిలేని కూలివారు. వారికి అక్షరములు నేర్పి, ఆదివారమున ప్రార్థన జరుపు ఉపదేశికి జీతము చాలవరకు సీమనుండి వచ్చు ధనమునుండియే లభించుచుండెను.

ఈ యేర్పాటునందలి లోపమును సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్ ముందుగనే గుర్తించెను. స్వపోషణము, స్వపరిపాలనము, స్వప్రచారము గల సంఘములు ఏర్పడిననాడు మిషను తనంత తాను తొలగిపోవలెనని ఆయన సిద్ధాంతము. అందుకై ఆయన సూచించిన సాధనము ఉమ్మడి నిధి. సంఘములు తమ చందాలను నేరుగ గురువు చేతికీయక ఒక నిధికి చెల్లింపవలెను. గురువు ఆ నిధినుండి జీతము పొందవలెను. మిషను సహాయము క్రమక్రమముగ తగ్గిపోవలెను. ఇందులోని వివేకము స్పష్టము. గురువు ఒక్క పల్లెవారి కానుకలపైననే బ్రదుకవలసివచ్చినచో అక్కడి పెద్దల తప్పును తప్పని చెప్పజాలడు. విదేశ సంఘపు జీతముపై బ్రదికినచో పల్లెవారు ఆతనిని తమవానినిగ నెంచరు. ఈ రెండు చిక్కులనుండియు ఆతనిని కాపాడునది ఉమ్మడి నిధియే.

డోర్నకల్లు నాడు నిజాము రాజ్యములోని యొక చిన్న యూరు. సింగరేణి బొగ్గుగనులకు పోవు రైలుదారి అచ్చటనుండి చీలుచుండెను. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ చందాలతోనే నడుపుటకై భారత మిషనరీ సంఘమును స్థాపించి, తమ పనివారిని ఈ ప్రాంతమునకు పంపిరి. అరవదేశపు పల్లెవారి కానుకలు తెలుగుదేశపు పల్లెలను పోషించుట అనునది అప్పటికి క్రొత్త సంగతి. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూలు అజరయ్యగారు స్వయముగ డోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, పనిని చేపట్టిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్ దేవాలయమున ఆయన బిషప్పుగ అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. తొలుత చిన్నదిగనున్న ఆ మండలము కాలక్రమమున కృష్ణాతీరపు చర్చి మిషనరీ సంఘములను, రాయలసీమలోని సువార్త ప్రచార సంఘపు సంఘములను తనలో చేర్చుకొని విస్తరించెను.

గురువులను సమకూర్చుటలో అజరయ్యగారు అనుసరించిన మార్గము గమనింపదగినది. పట్టభద్రులు పల్లెలకు రారు. వచ్చినను వారి జీతమును పల్లెలు భరింపలేవు. కావున అనుభవముగల గ్రామోపదేశకులనే ఎన్నుకొని, డోర్నకల్లులోని వేదపాఠశాలయందు తెలుగుననే శిక్షణమిచ్చి, గురుపట్టము నొసగిరి. వారి భార్యలకును అచ్చటనే చదువు చెప్పించిరి. ఏలయన గ్రామమున స్త్రీలకును శిశువులకును బోధించు భారము గురుపత్నిపై పడుచుండెను. ఇట్టి గురువు పల్లెవారితో కలిసి బ్రదుకగలవాడు. ఆతని ఖర్చు పల్లెవారి శక్తికి మరీ దూరము కాదు.

శక్తి యనగా నాణెముల శక్తి కాదు. నాటి పాలేరులకు, కూలివారికి ప్రతిఫలము చాలవరకు ధాన్యరూపముననే ముట్టుచుండెను. కావున కానుకలును ఆ రూపముననే వచ్చెను. గృహిణి వంటకై కొలిచిన బియ్యమునుండి ప్రతిదినము ఒక పిడికెడు తీసి వేరొక కుండలో నుంచి ఆదివారము దేవాలయమునకు తెచ్చుచుండెను. కోతల పండుగనాడు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు కానుకగ వచ్చును. వానిని వేలము వేసి సొమ్ము చేయుదురు. ఇచ్చుట భక్తిలో భాగమనియు, బీదవారిని దానినుండి మినహాయించుట వారిని గౌరవించుట కాదనియు అజరయ్యగారి మతము. క్రైస్తవ దానమును గురించి ఆయన ఒక గ్రంథమునే రచించిరి. పరుల దయపై బ్రదుకుటకే అలవాటుపడిన పల్లెవానికి తన గురువును తాను పోషించుచున్నానను భావము పిడికెడు బియ్యము కంటె విలువైనది.

అయినను పిడికెడు బియ్యముతో అన్నియు నెరవేరినవని తలంపరాదు. 1936 ప్రాంతమున మండలమునందు సుమారు 250 మంది భారతీయ గురువులును, ఉపదేశకులు మొదలగు పనివారు 2,000 మందికి పైగను ఉండిరి. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య 2,25,000 దాటెను. ఇంత పరివారమును స్థానిక కానుకలు మాత్రమే పోషింపలేదు. విదేశ సహాయము కొనసాగుచునే యుండెను. డోర్నకల్లులోని ప్రధాన దేవాలయమును సైతము ధనము చేకూరిన కొలది మెల్లమెల్లగ నిర్మింపవలసివచ్చెను. గోపురములు, పద్మములు గల ఆ దేశీయరీతి కట్టడము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది.

పరాధీనమైన ధనమెట్టి చిక్కు తెచ్చునో అజరయ్యగారి అనంతరము తేటపడినది. సంఘైక్యమునకై చిరకాలము పాటుపడిన ఆయన 1945 జనవరి 1వ తేదీన పరమపదించిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా డోర్నకల్లు అందులో చేరెను. ఐక్యమున చేరినవారికి తమ సాధారణ నిధినుండి సహాయమీయజాలమని సువార్త ప్రచార సంఘమువారు నిశ్చయించిరి. వారికై ప్రత్యేక నిధిని వేరుగ సమకూర్పవలసివచ్చెను. ఆ సంఘపు పోషణలో పెరిగిన నంద్యాల ప్రాంతమున అనేక సంఘములు ఐక్యమునకు వెలుపలనే నిలిచెను. నంద్యాల దక్షిణ ఇండియా సంఘమున చేరుట 1975లోగాని జరుగలేదు. పూర్వాచారములపై మక్కువ మొదలగు కారణములును ఇందు గలవు గాన ధనమొక్కటియే హేతువనుట సరికాదు. కాని గురువుల జీతము దూరదేశపు తీర్మానముపై ఆధారపడియున్నప్పుడు మతవిషయమైన నిర్ణయము సైతము స్వేచ్ఛగ జరుగుట యెంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

మండలము సంఘములను పోషించుట యనగా పైనుండి ధనము పంచుట మాత్రమే కాదని డోర్నకల్లు చరిత్రము చాటుచున్నది. గురువులకు శిక్షణమిచ్చుట, బలముగల సంఘముల కానుకను బలహీనములకు అందజేయుట, గురువును స్థానిక పెద్దల యొత్తిడినుండి కాపాడుట మండలపు విధులు. దానికి ప్రతిగా, ఎంత స్వల్పమైనను, తన భాగమును తాను చెల్లించుట సంఘపు విధి. ఈ రెండవది లోపించినచోట మొదటిది ధర్మసత్రముగ మారును. మొదటిది లోపించినచోట బీదపల్లె గురువు లేని పల్లెగ మిగులును.