కరవు త్రాసులో స్థూలకాయము

ఆదోని, ఎమ్మిగనూరు అనగానే కరవు స్ఫురించుట మనకు అలవాటు. అది అకారణము కాదు. 1876-78 నాటి మహాక్షామమున బళ్లారి, కర్నూలు జిల్లాలు అల్లాడిపోయినవి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953లో గాని కర్నూలులో చేరలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర కరవు పనులు చేయు కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది రొక్కము చాలుననెను. అంతటితో మనిషి శ్రమించి బ్రతుకజాలడని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా ఎదిరించెను. 1881 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా ప్రజ పదేండ్ల క్రిందటికన్న అయిదవ వంతుకు పైగా తగ్గి కనిపించినది.

ఆ వాదము తిండిని కొలుచుట గూర్చినది. దేహమును కొలుచు సూత్రము బెల్జియము నుండి వచ్చినది. పెద్దవారి బరువు వారి ఎత్తు యొక్క వర్గమును అనుసరించునని క్వెట్లే అను గణితజ్ఞుడు 1830 ప్రాంతములలో గమనించెను. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గముతో భాగించు ఈ లెక్కకు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దేహ ద్రవ్యరాశి సూచిక యను పేరు పెట్టెను. ఫలితము 18.5కు తగ్గిన కృశత్వము. 25 మొదలు అధిక బరువు. 30 మొదలు స్థూలకాయము. సరిగా ఆ 1972లోనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ క్రింద పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడినది. దాని ఉద్యోగులు త్రాసులతో పల్లెలకు వెళ్లినది ముఖ్యముగా బక్కచిక్కిన వారిని వెదకుటకే.

త్రాసు అదే, ముల్లు అటు మొగ్గినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36.3 మంది అధిక బరువు గలవారు, 14.8 మంది కృశించినవారు. ఎవరు లావెక్కుదురో ముందుగా సూచించు గురుతులు ఈ సర్వేలలో మరల మరల అవే కనబడినవి: పెరుగు వయస్సు, పట్టణవాసము, కలిమి, టెలివిజను ముందు గడుపు కాలము. గురుతు వేరు, కారణము వేరు. టెలివిజను పెట్టె ఎవరికిని కొవ్వు పెంచదు. దాని ముందు కూర్చుండుటకు తీరిక గల జీవితమే పెంచును.

ఇచ్చట లెక్క తికమకపడును. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము తిను సీమలోనికి 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 1938లో మాచాని సోమప్పగారు సహకార సంఘము నెలకొల్పిన ఎమ్మిగనూరులో గుంట మగ్గముపై నేయువాడు దినమంతయు కూర్చున్నవాడే. కాని అతని కాలు తొక్కుట మానదు, చేయి ఆడుట మానదు. సర్వే కాగితమున వృత్తి పేరుండును, ఆ శ్రమ యుండదు.

మరియొక చిక్కు సుగ్గి. పంటలు చాలని యేడు ఈ మండలముల కూలీలు పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు తరలుదురు. ఆ నెలలలో త్రాసు పట్టుకొని వచ్చినవానికి ఊరిలో దొరకువారు దుకాణదారులు, ఉద్యోగుల ఇండ్లవారు, వృద్ధులు. తాళము వేసిన ఇంటి బరువును ఎవరు తూతురు?