పాటకు వేళ, చట్టానికి వయసు

భద్రాచలం దగ్గర గోదావరి ఒకప్పుడు రెండు ప్రభుత్వాలకు సరిహద్దు. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. 1874లో అవి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిశాయి. ఖమ్మం మాత్రం నిజాం కిందే ఉండిపోయింది. నలుగురిలో బూతుపాట పాడితే నేరమనే ఇంగ్లీషువారి పీనల్ కోడ్ 294వ సెక్షన్ అలా ఏటికి ఒక ఒడ్డుకే వచ్చింది.

అడవిలో దాన్ని పట్టించుకున్నదెవరు? కోయల రేలపాటలో పడుచువాళ్లదే ముందు గొంతు. పెళ్లిళ్లలో మేలమాటలు మోటుగానే సాగేవి, పిల్లలు పక్కనే ఉండేవారు. మైదానపు పల్లెల్లో వియ్యాలవారి మీద కట్టే పాటలూ అంతే. అలాగని అదుపు లేదనుకోకూడదు. బావామరదళ్ల మధ్య చెల్లే మాట అన్నాచెల్లెళ్ల ముందు నోట రాదు. పండుగనాటి పాట మర్నాడు పాడితే పెద్దలు కసురుతారు. హద్దు మాటకు కాదు, వరసకూ వేళకూ.

అచ్చుకు వరసా లేదు, వేళా లేదు. పేచీ అక్కడే మొదలైంది. కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి చేత వేయిస్తే, మరుసటేడే మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ కావ్యాన్ని ఈసడించినవారిలో సంస్కర్త వీరేశలింగమూ ఉన్నారు. రాసింది మగకవి అయితే అంత కోపం వచ్చేదా అని నాకు అనుమానం. నిషేధం 1947లో గాని తొలగలేదు.

ఈలోగా, అశ్లీల ప్రచురణల మీద కుదిరిన జెనీవా ఒప్పందం తర్వాత, 1925లో అదే పీనల్ కోడ్ 293వ సెక్షన్‌ను తిరగరాశారు: 20 ఏళ్లలోపువారికి అశ్లీల వస్తువు అమ్మితే వేరే శిక్ష. వయసు చట్టంలోకెక్కింది. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ చౌకబారువని సినిమా పాటలను ఆకాశవాణికి దూరం చేస్తే, శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. ఏటి అవతలి భద్రాచలమూ 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. తర్వాత జాతరల్లో రికార్డింగ్ డాన్సుల మీద పోలీసు దాడులు మామూలయ్యాయి. అమెరికాలో పాటల్లోని బూతుల మీద 1985లో సెనెట్ దాకా వెళ్లిన తగాదా క్యాసెట్ల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీతో సర్దుకుంది.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లోని అసభ్య స్టెప్పులు పిల్లలను చెడగొడతాయని హెచ్చరించింది. ‘రాబిన్‌హుడ్’ సినిమా పాటలో అలాంటి స్టెప్పొకదాన్ని థియేటర్‌లో తీసేశారు. పాట అప్పటికే ఫోన్లకెక్కింది. సెన్సార్ బోర్డు 16 ఏళ్ల హద్దు గీసేది సినిమాకు. నెట్‌లో ముందే వదిలే ఆడియో దాని చేతిలో లేదు. భద్రాచలం వైపు చర్ల సంతలో ఆ పాట మోగుతుంటే వరస చూసి ఆపించే పెద్దకు, అదే ఇయర్‌ఫోన్‌లో నడుస్తుంటే వినిపించనే వినిపించదు.