ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ

ఏ వస్తువును, ఎంత, ఎవరి కొరకు ఉత్పత్తి చేయాలో ప్రభుత్వమే నిర్ణయించే విధానాన్ని ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ అంటారు. పెట్టుబడిదారీ వ్యవస్థలో ఈ నిర్ణయం ధరలను బట్టి జరుగుతుంది. సోవియట్ యూనియన్‌లో 1928 నుండి గోస్‌ప్లాన్ సంస్థ పంచవర్ష ప్రణాళికల ద్వారా కర్మాగారాలకు లక్ష్యాలు నిర్దేశించేది. భారీ పరిశ్రమలు పెరిగాయి గాని, నిత్యావసరాల కొరత 1991లో ఆ దేశం విచ్ఛిన్నమయ్యేవరకు తీరలేదు.

భారతదేశం మిశ్రమ ఆర్థిక వ్యవస్థను ఎంచుకొన్నది. 1950లో ఏర్పడిన ప్రణాళికా సంఘం పెట్టుబడుల ప్రాధాన్యాలను నిర్ణయించేది. వ్యవసాయం మాత్రం ప్రైవేటు చేతులలోనే ఉన్నది. 2015లో సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది.

ఈ విధానపు బలం, పరిమితి రెండూ నల్గొండ జిల్లాలో కనిపిస్తాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ వంటి ఆనకట్టను ఏ వ్యాపారీ లాభాపేక్షతో కట్టడు. 1967లో కాలువలకు నీరు వదలగా, ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. ఎత్తున ఉన్న మర్రిగూడకు ఆ నీరు పారలేదు. అక్కడి రైతులు సొంత ఖర్చుతో బోర్లు వేసుకొన్నారు. సాగునీటిలో ఒకచోట ప్రణాళిక, మరొకచోట ఎవరి స్తోమత వారిది. భూగర్భజలంలో ఫ్లోరైడు అధికం కావడంతో, దానిని త్రాగినవారిలో ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ వ్యాపించింది. కొనే శక్తి లేనివారి అవసరం మార్కెట్టులో గిరాకీగా లెక్కకు రాదు. ప్రణాళికలోనూ అది లక్ష్యంగా చేరితేనే నిధులు వస్తాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే 'నల్గొండ పద్ధతి'ని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను అప్పటి నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో 2015 జూన్‌లో ఆవిష్కరించారు.