నాంపల్లి పెద్దాయన, నూరులోంచి ఏడు

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా నడిస్తే తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, మార్వాడీ చెవిన పడతాయి. ఒక భాషలో మొదలైన బేరం మరొక భాషలో తెగుతుంది. ఈ వీధుల మాటలకూ, జ్ఞాపకశక్తి పరీక్షలకూ సంబంధమున్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాంపల్లి నుంచి ఒక వృద్ధుణ్ణి ఆయన కుమారుడు తీసుకొనివచ్చాడు. మతిమరుపు అన్నాడు. నూరులోంచి ఏడేసి తీసివేస్తూ చెప్పమన్నాను, చెప్పలేకపోయారు. బొమ్మను చూసి గీయమన్నాను. పెన్సిలు పట్టుకోవడమే ఆయనకు కొత్త. మతి క్షీణించిందని రాసేశాను. బడి ముఖం చూడని ఆయన ఏళ్ల తరబడి పండ్ల బండి నడుపుతూ అరువుల లెక్కలన్నీ నోటితోనే చెప్పేవారని తరువాత తెలిసింది. ఆ రాత నేటికీ నన్ను బాధిస్తుంది.

అటువంటి ప్రశ్నలతో కూడిన 30 మార్కుల పరీక్షను 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ ప్రచురించారు. అది చదువుకున్న, ఇంగ్లీషు మాట్లాడే రోగులకు సరిపోయినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని వృద్ధుల కోసం గంగూలీ బృందం 1995లో దాని హిందీ రూపాన్ని వెలువరించింది. ఇంగ్లీషు పదాన్ని తిరగేసి చెప్పమనే బదులు వారాల పేర్లను వెనుకనుంచి చెప్పమన్నారు. చిన్న మార్పే, కానీ ఎంత న్యాయమైనది!

మన పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒక్క భాషే తెలిసినవారికన్నా వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది; చదువురానివారిలోనూ ఆ తేడా కనబడింది. భాషలే దీనికి కారణమని ఈ ఒక్క అధ్యయనం రుజువు చేయదు. అన్ని దేశాల అధ్యయనాలలోనూ ఇదే ఫలితం రాలేదు. అయినా మా పండ్ల బండి పెద్దాయన గుర్తుకు వచ్చారు.

నేడు మీ ఇంటి పెద్దలను ఇటువంటి పరీక్షకు పంపితే భయపడనక్కరలేదు. సూదిపోటు ఉండదు. క్లుప్త పరీక్ష పావుగంటలో ముగుస్తుంది, సమగ్రమైనదానికి కొన్ని గంటలు పట్టవచ్చు. మాటలు గుర్తుంచుకోవడం, గడియారం గీయడం, వస్తువుల పేర్లు చెప్పడం వంటివి అడుగుతారు. కొన్ని ప్రశ్నలు ఎవరికైనా కష్టమే. ఇంటివారిని విడిగా విచారిస్తారు. దిగులు, థైరాయిడ్ లోపం, బి12 కొరత, వినికిడి తగ్గడం కూడా మార్కులను తగ్గించగలవు. అందుచేత ఆ ఒక్క అంకెతోనే జబ్బును నిర్ణయించరు. కళ్లజోడు, చెవి మిషను, వాడే మందుల చీటీ తీసుకొని వెళ్లండి. ఎంతవరకు చదివారో, ఇంట్లో ఏ భాష, బజారులో ఏ భాష మాట్లాడతారో అడగకపోయినా ముందుగానే చెప్పండి.